నెలాఖరు కంచం

పులుపూ పోపూ పొడీ తెలిసిన వంటింట్లో ఆఖరి వారం కూడా కమ్మగానే గడుస్తుంది. డబ్బు ఎక్కడ మిగల్చాలో, ఎక్కడ మిగల్చకూడదో తెలియాలి.

ఇరవయ్యో తారీఖు దాటాక చాలా ఇళ్లలో వంటింటి లెక్క మారిపోతుంది. నెల మొదట్లో ఆదివారం చికెన్, బుధవారం గుడ్లు, రోజూ రెండు కూరలు వండిన ఇంట్లోనే ఆఖరి వారానికి చారన్నం, పచ్చడన్నం మిగులుతాయి. అద్దె ఆగదు, స్కూలు ఫీజు ఆగదు, గ్యాసు బండ ధర మన చేతిలో లేదు. తగ్గించుకోగలిగింది తిండి ఒక్కటే అనిపిస్తుంది. అలా తగ్గించేటప్పుడు ముందు పోయేవి పప్పు, గుడ్డు, పాలు. బిస్కెట్ ప్యాకెట్, చిప్స్, సాయంత్రం బండి మీది నూడుల్స్ మాత్రం ఎలాగోలా నిలిచిపోతాయి. పిల్లలు అడుగుతారని, పది రూపాయలేగా అని. లెక్క తప్పుతున్నది అక్కడే.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వం 2023-24లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబాలు ఇంటి ఖర్చులో 47 శాతం, పట్టణ కుటుంబాలు దాదాపు 40 శాతం తిండి మీద పెడుతున్నాయి. ఆ తిండి ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు బియ్యం కాదు, పాలు కాదు, కూరగాయలూ కాదు. పానీయాలు, తయారుచేసి అమ్మే తినుబండారాలు. పల్లెల్లో మొత్తం ఇంటి ఖర్చులో 9.84 శాతం, పట్టణాల్లో 11.09 శాతం వీటికే పోతోంది. బయట తాగే టీ, కొని తినే భోజనం కూడా ఇందులోకే వస్తాయి కాబట్టి పనికి వెళ్లే మనిషిని తప్పుపట్టడానికి లేదు. కానీ ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆ పద్దు పెరుగుతోందంటే మాత్రం ఆలోచించాల్సిందే.

తెలుగు వంటలో రుచి ఎన్నడూ ఖరీదైన సరుకు మీద ఆధారపడలేదు. చింతపండు, ఎండుమిర్చి, ఆవాలు, వెల్లుల్లి, కరివేపాకు, కాస్త నూనె. వీటితో నీళ్లను చారు చేసిన వంట మనది. ఆ నేర్పును కాస్త గట్టిగా పట్టుకుంటే, రుచి కోసం పెట్టే డబ్బు తగ్గించి బలం కోసం పెట్టొచ్చు.

ఒకసారి ఉడికిన పప్పు, మూడు గిన్నెలు

అయిదుగురున్న ఇంటికి ఒకటిన్నర గ్లాసుల కందిపప్పు తీసుకోండి. కడిగి అరగంట నానబెడితే ఒకటి రెండు కూతలు తగ్గుతాయి, ఆ మేరకు గ్యాసు మిగులుతుంది. చిటికెడు పసుపు, అర చెంచా నూనె, పప్పుకి నాలుగింతల నీళ్లు పోసి కుక్కర్ పెట్టాలి. మూత వచ్చాక వెంటనే ఎనపకూడదు. గరిటె లోపలికి దించకుండా పైన తేలిన తేటను వేరే గిన్నెలోకి వంచుకోవాలి. ఆ తేటలో నిమ్మకాయంత చింతపండు పులుసు పిండి, దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి ఒక్క పొంగు రానిస్తే కట్టు చారు. విడిగా పప్పు వేయకుండానే చారుకి చిక్కదనం వస్తుంది.

అడుగున మిగిలిన ముద్దలో సగం ఉడికించిన గోంగూరలో కలిపి ఎనిపితే మధ్యాహ్నానికి పప్పు. మిగతా సగం రాత్రి సొరకాయ, ములక్కాడ, ఉల్లిపాయ ముక్కలతో పప్పుపులుసు అవుతుంది. పప్పు ఉడికింది ఒక్కసారే, కంచంలోకి మాత్రం మూడు రకాలుగా వచ్చింది.

ఇక పోపు. నూనె రెండు చెంచాలు చాలు, కానీ అది బాగా కాగాలి. ముందు ఆవాలు. అవి చిటపటలాడటం పూర్తయ్యేదాకా ఇంకేదీ పడకూడదు. తర్వాత మినపప్పు, అది రంగు తిరుగుతుండగా జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి. వెల్లుల్లి ఎర్రబడాలి గానీ మాడకూడదు. కరివేపాకు వేయగానే మంట ఆపేసి, ఆ వేడి మీదే ఇంగువ చల్లి, పప్పులో గుమ్మరించి మూత పెట్టేయాలి. మూత తెరిచి ఉంచితే ఆ ఘుమఘుమలో సగం గాలిలో కలిసిపోతుంది. మసాలా పొడి ప్యాకెట్లకు పెట్టే డబ్బుకు నెలంతా సరిపడే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వస్తాయి.

కందిపప్పు ధర ఎప్పుడూ అందుబాటులో ఉంటుందని చెప్పలేం. 2015 అక్టోబరులో కిలో 200 రూపాయలు దాటిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన దగ్గర పండేది చాలక మయన్మార్, మొజాంబిక్ లాంటి దేశాల నుంచి కందులు తెచ్చుకుంటున్నాం. అక్కడి పంట, ఇక్కడి వాన, రెండూ మన పప్పు గిన్నె మీద ప్రభావం చూపిస్తాయి. అందుకే కంది ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. పెసరపప్పు త్వరగా ఉడుకుతుంది, ఎర్ర పప్పు ఇంకా త్వరగా ఉడుకుతుంది. అనుములు, అలసందలు, శనగలు రాత్రి నానబెడితే పొద్దున్న కూరకి, సాయంత్రం గుగ్గిళ్లకి రెండిటికీ వస్తాయి. బొబ్బట్లు చేసిన రోజు శనగపప్పు ఉడికిన కట్టును పారబోయకుండా భక్ష్యాల చారు కాచే అలవాటు రాయలసీమలో, పాలమూరులో ఇప్పటికీ ఉంది. పండగ రోజు కూడా ఏదీ వృథా కానివ్వని వంట అది.

ఉలవచారు కూడా అలా పుట్టిందే. ఎడ్లకు పెట్టడానికి ఉలవలు ఉడకబెట్టేవారు. గింజలు ఎడ్లకు, ఆ ఉడికిన కట్టు ఇంటికి. చింతపండు వేసి చిక్కబడేదాకా మరిగించిన ఆ కట్టు ఇవాళ పెద్ద హోటళ్లలో మీగడతో పాటు వెండి గిన్నెలోకి ఎక్కింది. ఇంట్లో మనం గింజను కూడా వదలక్కర్లేదు. వందగ్రాముల ఉలవల్లో కందిపప్పులో ఉన్నంత ప్రొటీన్, దాదాపు 22 గ్రాములు, ఉంటుంది. కాల్షియమూ ఇనుమూ అదనం.

చీకటి పడే వేళ ఆకుకూరలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో రైతుబజార్లు మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలి, కొనేవాడికి రేటు బోర్డు మీద కనపడాలి అన్నది ఉద్దేశం. ఎర్రగడ్డ, మెహిదీపట్నం, విజయవాడ పటమట, విశాఖ ఎంవీపీ కాలనీ, ఎక్కడికి వెళ్లినా పొద్దున ఒక ధర ఉంటుంది, చీకటి పడే వేళకి ఇంకో ధర ఉంటుంది. పటమటలో ఓ సాయంత్రం గోంగూర అమ్ముతున్న పెద్దావిడ దగ్గర ఆగాను.

"వాడిపోయినట్టుందే, మామ్మా?"

"పొద్దుపోయింది తల్లీ, మూడు కట్టలూ పదికి తీసుకెళ్లు. తడిగుడ్డలో చుట్టి పెట్టావంటే తెల్లారేసరికి లేచి నిలబడుద్ది."

నిజంగానే నిలబడింది. ఆకుకూర వాడిపోవటం వేరు, కుళ్లటం వేరు. పసుపు పచ్చబడినవి, జిగురొచ్చినవి తీసేసి మిగతాది ఆ రాత్రే ఏరి, కడగకుండా తడిగుడ్డలో చుట్టి ఉంచితే రెండు రోజులు ఢోకా ఉండదు. కడిగి పెడితే మాత్రం పాడైపోతుంది.

ఆకుకూరలంటే పాలకూర, తోటకూర, గోంగూర దగ్గరే ఆగిపోతున్నాం. గట్ల మీద, చేలలో, ఎవరూ విత్తకుండానే మొలిచే గంగవాయిలి, పొనగంటి, గలిజేరు, తుమ్మికూర, చెన్నంగి ఒకప్పుడు పేదింటి కంచంలో సగం ఉండేవి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాలతో పాటు ఈ సాగుచేయని ఆకుకూరలనూ కాపాడుకుంటూ వస్తున్నాయి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ దక్కింది. పురుగుమందు కొట్టిన చేనులోంచి మాత్రం ఆకు కోయకూడదు, ఆ జాగ్రత్త తప్పనిసరి. పట్నంలో ఉన్నవాళ్లకి వీటన్నిటి బదులు మునగాకు ఉంది. వీధికి ఒక మునగ చెట్టయినా ఉంటుంది. అడిగితే కాయ ఇవ్వడానికి వెనకాడతారేమో గానీ ఆకు కాదనరు. వందగ్రాముల పచ్చి మునగాకులో ఆరు గ్రాముల పైన ప్రొటీన్, మూడొందల మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. పెసరపప్పుతో కలిపి పొడికూర చేస్తే చేదు తెలియదు.

టమాటా ఒకప్పుడు లేదు

2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో 200 రూపాయల దగ్గరికి వెళ్లింది. చాలా ఇళ్లలో కూర ఎలా వండాలన్న దిగులు పట్టుకుంది. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలి ఉమ్మడి కర్నూలు జిల్లాలో రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోశారు. రెండు నెలల్లో ఇటు కొనేవాళ్ల కంటా అటు పండించినవాళ్ల కంటా నీళ్లు తెప్పించిన కాయ అది.

మన వంట టమాటా మీద పుట్టలేదు. పులుపుకి చింతపండు, మామిడికాయ, గోంగూర, చింతచిగురు, మజ్జిగ, నిమ్మకాయ ఉన్నాయి. పచ్చిపులుసుని మరిగించాల్సిన పని కూడా లేదు. చింతపండు పిసికిన నీళ్లలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ, ఉప్పు, కొద్దిగా బెల్లం, పైన పోపు. తెలంగాణలో వేయించిన నువ్వుల పొడి కలుపుతారు, దాంతో రుచికి రుచి, బలానికి బలం. పెరుగు పుల్లబడితే మజ్జిగ పులుసు పెట్టుకోవడానికి అదే అదను. టమాటా చవకైన వారంలో నాలుగు కిలోలు ఎక్కువ కొని, ఉప్పు రాసి ఎండబెట్టి, ఊరగాయో వరుగులో చేసిపెట్టుకుంటే ఖరీదైన నెలలో అక్కరకొస్తాయి. గోరుచిక్కుడు, కాకర, వంకాయ వరుగులు పట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఎండలు మండే నెలలోనే ఆ పని అయిపోవాలి.

బియ్యం మీద ఖర్చు ఎంత?

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు పేదిల్లు అన్నం మీద భరోసా పెట్టుకుంది. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు 2023 జనవరి నుంచి ఉచితంగా ఇస్తున్నారు. తెలంగాణలో 2025 ఉగాది నాడు సన్నబియ్యం పంపిణీ మొదలైంది, మనిషికి 6 కిలోలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల ఆహారానికి రోజుకు 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు ఉండాలని చెప్పింది. అంటే 5 కిలోల రేషన్ బియ్యంతోనే మనిషికి కావలసిన ధాన్యంలో మూడింట రెండు వంతులు తీరిపోతోంది.

అయినా నెల సరుకుల్లో ఎక్కువ డబ్బు మళ్లీ బియ్యం మూటకే పోతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. రేషన్ బియ్యం కారుచవకగా అమ్మేసి, దానికి ఎన్నో రెట్లు పెట్టి పాలిష్ పట్టిన సన్నాలు కొంటున్నారు. అలా అమ్మడం చట్టం ప్రకారం తప్పే. అంతకన్నా బాధ కలిగించేది, ఆ మూటకు పోయిన డబ్బులో రెండు మూడు కిలోల పప్పు ఉండటం. కొండంత అన్నం, చారెడు కూర ఉన్న కంచం కడుపు నింపుతుంది గానీ పిల్లాడికి కండ పట్టనివ్వదు.

లావు బియ్యం అన్నంగా నచ్చకపోతే దానికి తగిన వంటలు ఉన్నాయి. మూడు పాళ్లు లావు బియ్యం, ఒక పాలు మినపప్పు రుబ్బితే దోసెలు కరకరలాడతాయి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి మందపాటి గిన్నెకు అద్ది కాల్చితే సర్వపిండి. మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు పెసరపప్పు కలిపి వండిన పులగం మీద ఊరిబిండి వేసుకుంటే రాయలసీమలో ఇంకో కూర అడగరు. బియ్యంలో తక్కువైన ప్రొటీన్ భాగాన్ని పప్పు పూరిస్తుంది, పప్పులో తక్కువైనదాన్ని బియ్యం పూరిస్తుంది. పులగం, ఇడ్లీ, పప్పన్నం అన్నిటిలో జరిగేది అదే. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు, కాస్త మజ్జిగ పోసి కుండలో ఉంచితే పొద్దున్నే చద్దన్నం. పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిని పొలానికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నం దాకా పనిచేశారు.

గుడ్డు, ఎండుచేప, మీల్‌మేకర్

వారానికోసారి మాంసం తినాలనుకోవడంలో తప్పేమీ లేదు, దాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను. కానీ కిలో తెచ్చి ఒక్కరోజులో అయిపోగొట్టడం కన్నా, అరకిలో చికెన్‌ను ఆలుగడ్డతోనో, దోసకాయతోనో, గోంగూరతోనో వండితే ముద్ద ముద్దకూ ఆ రుచే తగులుతుంది. గోంగూర మాంసం, దోసకాయ మాంసం పుట్టింది అలాగే. కూరగాయ మాంసపు రసాన్ని పీల్చుకుంటుంది కాబట్టి ముక్క తక్కువైనా లోటు తెలియదు.

మిగతా రోజులకు గుడ్డు. కోడిగుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. ఒక గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల ప్రొటీన్, పప్పుల్లో దొరకని బి12 ఉంటాయి. అమీర్‌పేట అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నలుగురికి ఆరు గుడ్లు, నాలుగు ఉల్లిపాయలు, చింతపండు పులుసుతో రెండు పూటలు గడుపుతారు. శాకాహారులకు, గుడ్డు తినని రోజులకు మీల్‌మేకర్ ఉంది. ఎండు మీల్‌మేకర్ బరువులో దాదాపు సగం ప్రొటీనే. అది రుచిగా లేదనేవాళ్లు చాలామంది దాన్ని వేడినీళ్లలోంచి తీసి గట్టిగా పిండకుండానే కూరలో వేస్తారు. రెండుసార్లు పిండి, ఉప్పూ కారం పెరుగు పట్టించి కాసేపు ఉంచి, అప్పుడు వేయించి చూడండి.

తీరప్రాంతం వాళ్లకి ఎండు నెత్తళ్లు, రొయ్యపొట్టు గురించి చెప్పడం సాహసమే. గుప్పెడు ఎండు రొయ్యలు వేడినీళ్లలో కడిగి వంకాయలో వేస్తే వీధంతా తెలుస్తుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి, కూరలో విడిగా ఉప్పు వేసేముందు రుచి చూడాలి.

సీసాలో దాచుకున్న రుచి

చవక వంటతో చిక్కు ఒకటే, అది విసుగు పుట్టిస్తుంది. మూడు రోజులు వరసగా సొరకాయ పప్పు పెడితే పిల్లలు కంచం ముందు నుంచి లేచిపోతారు. బయటి తిండి మీదికి మనసు పోయేది అప్పుడే. అందుకు మన పెద్దవాళ్లు కనిపెట్టిన మందు పొడి. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, నువ్వుల పొడి, అవిసెగింజల పొడి. రెండు రకాలు సీసాల్లో ఉంటే అదే అన్నం, అదే పప్పు, రోజుకొక రుచి.

వీటిలో అవిసెగింజల పొడికి నా ఓటు. గింజల్ని నూనె లేకుండా చిన్న మంట మీద చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు, చిన్న చింతపండు రెబ్బతో దంచాలి. మిక్సీలో వేస్తే ఒకే బిగిన తిప్పకూడదు, గింజ వేడెక్కి నూనె వదిలి ముద్దవుతుంది. ఆగి ఆగి తిప్పాలి. పల్లీ పొడి ఇంకా తేలిక. పల్లీల్లో నూటికి 24 పాళ్లు ప్రొటీనే కాబట్టి ఇడ్లీలోకి ఓ చెంచా పొడి వేసుకున్నా అది ఉత్త కారం కాదు, తిండే. సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకి వేయించిన పల్లీలు, బెల్లం ముక్క, లేదంటే నానబెట్టిన బొరుగులతో ఉగ్గాని. పది రూపాయల చిప్స్ ప్యాకెట్‌లో ఉండేది కొన్ని గ్రాముల ఆలుగడ్డ, నూనె, ఉప్పు, బోలెడంత గాలి. ఆ పదితో వచ్చిన పల్లీలు ఇద్దరు పిల్లలు తినొచ్చు.

ఈ చవకకు ఎవరు వెల చెల్లిస్తున్నారు

ఇంతవరకు చెప్పిన వంటలన్నిటికీ డబ్బు తక్కువే. పని మాత్రం తక్కువ కాదు. ఆకు ఏరాలి, పప్పు నానబెట్టాలి, పొడి దంచాలి, సాయంత్రం బజారుకెళ్లాలి. ప్యాకెట్ వంట ఇంట్లోకి వచ్చింది సోమరితనం వల్ల కాదు. ఉద్యోగమో కూలిపనో చేసొచ్చిన ఆడమనిషికి ఏడు గంటలకి ఓపిక లేకపోవడం వల్ల వచ్చింది. ఆమె ఒక్కతే నెత్తినేసుకోవాల్సిన పొదుపు అయితే అది రెండు వారాలకి మించి సాగదు, సాగకూడదు కూడా. టీవీ చూస్తూ గోంగూర ఆకు తుంచడం పదేళ్ల పిల్లలకి వచ్చిన పనే. ఆదివారం పొడులు దంచడం, రాత్రి శనగలు నానబెట్టడం, కుక్కర్ పెట్టి కూతలు లెక్కపెట్టడం మగవాళ్లకి చేతకాని పనులు కావు.

కంచాల దగ్గర ఇంకో లెక్క ఉంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలింది. నెలాఖరులో పప్పు పలచబడితే, గుడ్లు నాలుగే ఉంటే, తగ్గేది ఎవరి వాటానో ప్రతి ఇంటికీ తెలుసు. అందరికీ వడ్డించి చివర తినే మనిషికి గిన్నె అడుగున పులుసే మిగులుతుంది. నెలకు ఎన్ని గుడ్లు, ఎంత పప్పు అని లెక్క వేసేటప్పుడు ఆమె పేరుతో మొదలుపెట్టాలి. వడ్డన మొదలవకముందే ఆమె కూర, ఆమె గుడ్డు వేరే గిన్నెలో తీసి ఉంచాలి.

ఆకుకూర తిన్న రోజు అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తినగానే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది, గంటసేపు ఆగాలి. గంటయ్యాక ఆ టీ ఇంట్లో ఇంకెవరైనా కాచి ఆమె చేతికిస్తే మరీ మంచిది.